రెండో గుండీ దాకా

నాలుగు సీసాలు, నాలుగు సిరంజీలు.
నలుపుకి వాడిన సూది పసుపులో ముంచకూడదు.
ఈ ఒక్క నీతీ నేర్చుకోవడానికి
నాకు రెండు ప్రింటర్లు ఖర్చయ్యాయి.

ఇలోయిలోలో, లా పాజ్ సంత వెనక సందులో,
బాచోయ్ పులుసు కాగే కొట్టు పక్క గది నాది.
బడిపిల్లల గుర్తింపు ఫొటోలు,
ఓడలెక్కే కుర్రాళ్ల పాస్‌పోర్టు బిళ్లలు,
బాప్టిజం పిలుపులు.
అక్టోబరు చివర మాత్రం అన్నీ పోయినవాళ్ల మొహాలే.
నవంబరు ఒకటిన సమాధుల మీద పెట్టాలిగా,
కొవ్వొత్తుల మధ్య.

కంపెనీ సిరాబుడ్డి ఒకటి కొంటే
ఆ నెల బియ్యం సంగతి మర్చిపోవాలి.
అందుకని లీటరు సీసాల్లో వచ్చే పేరులేని సిరా తెస్తాను.
బుడ్డి నెత్తిన చిల్లు పెట్టి, లోపలి స్పాంజికి
పసిదానికి మందు పట్టినట్టు
చుక్క చుక్కా పడతాను.
తొందరపడితే కక్కుతుంది.
వారం ముట్టుకోకపోతే ముక్కు దిబ్బడేస్తుంది.
తీరా పెట్టి మూత వేస్తే యంత్రం గదమాయిస్తుంది:
ఇది మా సిరా కాదు, పూచీ మాది కాదు.
‘అలాగే కానీ’ అని నొక్కుతాను.

ఆదివారం దివ్యప్రసాదానికి చెయ్యి చాపితే
ఫాదర్ హిలారియో ముందు నా వేళ్లు చూస్తాడు,
ఈ వారం ఎరుపా నీలమా అని.

అడెల్ఫా గుంబన్ మొదటిసారి వచ్చినప్పుడు
మొగుడి ఫొటో ఒక్కటంటే ఒక్కటే ఉంది:
జాలర్ల సంఘం కార్డు మీద బొటనవేలంత క్రిసాంతో,
ఫ్లాష్‌కి ఉలిక్కిపడ్డ కళ్లతో.
పెద్దది చేసి ఇచ్చాను. అద్దం బిగించుకుని పట్టుకెళ్లింది.

మరుసటేడు తెచ్చి బల్ల మీద పెట్టింది.
ఎండ గులాబీరంగంతా తాగేసింది.
మనిషి ఆకుపచ్చగా, నీలంగా,
ఎక్కడో నీళ్ల అడుగునుంచి చూస్తున్నట్టు.
నా తల దించుకుపోయింది.
తనే అంది:
“మళ్లీ దిగాడు సముద్రంలోకి. పైకి లాగు.”

లాగాను. డబ్బులొద్దన్నా ఇచ్చింది.
ఆ తర్వాత ప్రతి అక్టోబరూ లాగుతూనే ఉన్నాను.
ఓ ఏడు ఉండబట్టలేక చెప్పాను:
అసలు సిరా ఉంది, ఖరీదే,
కానీ ఎనభై ఏళ్లు వెలవదని అట్ట మీద రాశారు.
ఆమె నవ్వింది.
“ఎనభై ఏళ్లూ ఒకే చొక్కాతోనా?”

అప్పట్నుంచీ చొక్కాలు మారుస్తున్నాం.
నీలిగళ్లది ఓసారి.
మేనకోడలి పెళ్లయిన ఏడు తెల్లది, ఇస్త్రీ మడతలతో సహా.
కళ్ల కింద నలుపు కాస్త తగ్గించమంది మరోసారి,
“అక్కడ నిద్ర పడుతున్నట్టుంది” అంటూ.
చెయ్యి జారి ఎక్కువ తగ్గించాను.
“ఇంత కుర్రాడైతే నన్ను గుర్తుపట్టడు”
అని తిప్పి కొట్టింది.

ఈసారి పసుపు.
“బతికుండగానే కుట్టించాను. ఒంటిమీద వేస్తే ఒట్టు.
పసుపు చొక్కా చూస్తే చేపలు నవ్వుతాయట!”

రాత్రి తొమ్మిది. బయట వాన, దీపం మినుకుమినుకు.
పక్క కొట్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు.
కాగితం మెల్లగా దిగుతోంది:
జుట్టు, నుదురు, ఆ ఉలికిపాటు, గడ్డం.
కాలరు, గిమరాస్ మామిడిపండు రంగులో.
మొదటి గుండీ.
రెండో గుండీ.
అక్కడ పసుపు అయిపోయింది.
కిందంతా తెలుపు.

సిరంజీ అందుకున్నాక గుర్తొచ్చింది,
సీసా పొద్దున్నే బోర్లించేశానని.
రేపు రా, కొత్తది తీసిస్తాను అన్నాను.

తడి ఆరని కాగితాన్ని అంచులతో పట్టుకుని
దీపం కింద చాలాసేపు చూసింది.

“అలాగే కానీ” అంది.
“ఏ మాట చెప్పినా సగమే వినేవాడు.”